నోటికి ఒక లెక్క, గ్రీకుకి ఒక లెక్క

"ఆసిద్ దె-సొక్సి..." అని ఆగిపోయింది. స్క్రీన్ మీద ఉన్నావిడ మర్యాదగానే సరిచేసింది: "దె-జొక్సి." అమ్మాయి మళ్లీ అంది. ఈసారి వచ్చింది. నాలుగు వాక్యాల తర్వాత "క్రొమొసోమ్" అంది. "క్రొమొజోమ్" అన్నారు అవతల్నించి. అంతే, ఆ తర్వాత గొంతు సన్నబడిపోయింది. మిగతా ఇంటర్వ్యూ ఇంగ్లీషులో నడిచింది.

హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సాయంత్రం బ్యాచ్‌కి ఫ్రెంచ్ చెప్తాను. ఫ్రాన్స్‌లో మాస్టర్స్ చేద్దామనుకునే పిల్లలే ఎక్కువ. ఈ అమ్మాయిది నరసరావుపేట, చదివింది బయోకెమిస్ట్రీ. హాస్టల్లో నెట్ సరిగా ఉండదని మా క్లాస్‌రూమ్‌లోనే కూర్చుని ఇంటర్వ్యూ ఇచ్చింది. "మీరు ఊరికే ఉండండి సార్, ధైర్యంగా ఉంటుంది" అంటే కెమెరాకి కనపడకుండా మూల కుర్చీలో కూర్చున్నా. సీటు రాలేదు. ఆ రెండు మాటల వల్లే పోయిందని నేను అనను. ఐదు నిమిషాలు నదురూ బెదురూ లేకుండా మాట్లాడిన మనిషి ఆరో నిమిషంలో ఇంగ్లీషులోకి జారుకోవడం మాత్రం నా కళ్లముందే జరిగింది.

మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో ఈ సంగతి చెప్తే మా సీనియర్ ఒకాయన టీ తాగుతూ తేల్చేశారు: "అది వినగా వినగా వస్తుందండీ. చెవి ఉండాలి."

ఈ వ్యాసం ఆయన టీ కప్పు మీద.

చెవి ఉండాలట. చెవి ఎవరికి ఉంటుంది? చిన్నప్పట్నించీ ఫ్రెంచ్ సినిమాలు చూసిన వాళ్లకి, పారిస్‌లో పిన్ని ఉన్నవాళ్లకి, సెలవులకి వెళ్లొచ్చినవాళ్లకి. పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేసుకుని చదువుకున్న పిల్లకి కళ్లే ఉంటాయి. ఆ కళ్లకి కనపడే మాటని ఎక్కడ విరవాలో చెప్పడం నా పని, ఆయన పని. ఆ పని మానేసి దానికి 'చెవి' అని పేరు పెట్టుకున్నాం. మా సిలబస్‌లో హోటల్లో కాఫీ ఎలా అడగాలో 2 వారాలు ఉంటుంది. సైన్స్ పిల్లలకి పొద్దున లేస్తే అవసరమయ్యే పొడుగు మాటల గురించి ఒక్క గంట ఉండదు.

విచిత్రమేంటంటే ఫ్రెంచ్‌లో పొడుగు మాటలే తేలిక. నమ్మరు కదా? చిన్న మాటలతోనే అసలు గొడవ. ఐదారు అక్షరాలుండి అందులో సగం మూగవైపోయే మాటలు కోకొల్లలు. చెవీ ముక్కూ గొంతూ చూసే డాక్టరు పేరు చూడండి: రోమన్ లిపిలో 22 లెటర్లు. చూస్తేనే కళ్లు తిరుగుతాయి. నోట్లో అది ఇంతే: ఒ-తొ-రి-నొ-ల-రెఁ-గొ-లొ-జిస్త్. తొమ్మిది తునకలు. చివరిదొక్కటి తప్ప అన్నీ అచ్చుతోనే ఆగుతున్నాయి. రెండు అచ్చుల మధ్య ఒక హల్లుంటే అది తర్వాతి అచ్చు పక్షం. రెండు హల్లులుంటే చెరొకటి. రెండోది ర గానీ ల గానీ అయితే మాత్రం రెండూ విడిపోకుండా ముందుకే పోతాయి. ఈ మూడు మాటలు గుర్తుంచుకుంటే నూటికి తొంభై పొడుగు మాటల్ని కళ్లు మూసుకుని, అంటే చెవులు మూసుకుని, విరవొచ్చు.

ఇది ఎక్కడో విన్నట్టు అనిపించడం లేదూ? బడిలో గురువూ లఘువూ గుర్తించి మార్కులు తెచ్చుకున్న ప్రతివాడికీ తెలిసిన విద్యే. మనం 'ఎలికొప్తేర్' అని రాస్తే కాగితం మీద కొ వేరు, ప్తే వేరు. గణాలు కట్టేటప్పుడు మాత్రం కొ గురువు అంటాం. ఎందుకని? ప్ వెనక్కి వాలి కొ మీద బరువు వేసింది కాబట్టి. అంటే చెవికి అది కొప్-తే. కొన్ని తెలుగు మాటల్లో ర-వత్తు తేలిపోయి ముందక్షరం లఘువుగానే మిగిలే వెసులుబాటు కూడా మన ఛందస్సులో ఉంది. ఫ్రెంచ్ నోరు ర దగ్గర చేసేదీ అలాంటి పనే. ఇంత సరంజామా తలలో పెట్టుకుని వచ్చిన పిల్లలకి మేమేం చేస్తాం? ఫ్రెంచ్ మాట కింద ఇంగ్లీషు స్పెల్లింగులో ఉచ్చారణ రాసిస్తాం. అదీ ఇంగ్లీషు చదివినట్టు చదువుతారు.

అసలు రోగం ఇక్కడుంది. మా పిల్లలు చేసే తప్పుల్లో ఎక్కువ ఫ్రెంచ్ తప్పులు కావు, ఇంగ్లీషు తప్పులు. 'సైకాలజీ' అని పదిహేనేళ్లు అన్న నోటికి మొదటి ప్ ఉందని గుర్తుండదు. ఫ్రెంచ్‌వాడు దాన్ని మింగడు: ప్సి-కొ-లొ-జీ. ఇంగ్లీషు నోరు ఒక చోట గుద్ది మిగతావన్నీ నమిలేస్తుంది. ఫ్రెంచ్ నోరు అన్నిటినీ దాదాపు ఒకే తూకంతో పలికి చివర కొంచెం ఆనుతుంది. ఇంగ్లీషు మీడియంలో పడకముందు మన పిల్లలు అలాగే పలికేవాళ్లు. బాలశిక్ష చదివే పిల్లాడిని పిలిచి ఎ-లెక్-త్రొ-ఆఁ-సె-ఫ-లొ-గ్రామ్ అని ఒక్కో ముక్కా చెప్పించండి. చెప్పేస్తాడు. ఒక్క త్రొ-ఆఁ దగ్గర మాత్రం వాడి తెలుగు అడ్డొచ్చి య పెడతాడు, త్రొయాఁ అని. యడాగమం మన రక్తంలో ఉంది, ఏం చేస్తాం. ఫ్రెంచ్‌లో రెండు అచ్చులు పక్కపక్కన కూర్చున్నా మధ్యలో ఎవర్నీ కూర్చోపెట్టరు.

ఇందాక 'రెఁ' అని అరసున్న పెట్టాను, చూశారా? సరదాకి కాదు. ఫ్రెంచ్‌లో అచ్చు తర్వాత ఎన్ గానీ ఎమ్ గానీ వచ్చి, దాని తర్వాత హల్లుంటే, ఆ ఎన్ విడిగా పలకదు. అచ్చు ముక్కులోకి పోతుంది. తర్వాత అచ్చే ఉంటే ఎన్ లేచి ఆ అచ్చు దగ్గరికి వెళ్లిపోతుంది, ముక్కుతో పనుండదు. అందుకే సెఁ-ద్రోమ్, కానీ సి-నొ-నీమ్. రాతలో రెండిటికీ మొదలు ఒకటే. ఎక్కడ విరిగిందన్నదే తేడా. ఇది పుస్తకంలో 'నాసికాస్వరాలు' అనే చాప్టరులో ఉంటుంది, అక్షర విభజన ఇంకో చాప్టరులో ఉంటుంది, ఆ రెండూ ఒకటేనని ఎవరూ చెప్పరు. మనవాళ్లు పూర్తి సున్న పెట్టి 'లారింగో' అంటారు. బోర్డు మీద అరసున్న పెట్టి చూపించిన రోజు క్లాసంతా ఒక్కసారి "ఓ!" అంది. వాడుకలోంచి ఎప్పుడో వెళ్లగొట్టిన అరసున్న, పాపం, ఫ్రెంచ్ క్లాసులో ఉద్యోగం చేస్తోంది.

ఞ కూడా అంతే. అక్షరమాలలో తప్ప అది ఒంటరిగా కనపడే మాట ఇప్పుడు మనకి లేదు. ఫ్రెంచ్‌లో జి-ఎన్ పక్కపక్కన వస్తే మామూలుగా ఆ ధ్వనే: మ-ఞె-తిజ్మ్. కానీ ద్యగ్-నొస్-తిక్ లో గ వేరు, న వేరు. ఒకచోట రెండు లెటర్లూ కలిసి ఒకే హల్లు, ఇంకోచోట చెరో అక్షరానికి చెందిన రెండు హల్లులు. తెలుగులో రాస్తే తేడా కంటికే కనపడుతుంది. ఇంగ్లీషు లెటర్లలో రాయమనండి మా సీనియర్‌గారిని.

తెలుగు లిపి అన్నీ చెప్తుందని నేను అనడం లేదు. ఉ-కీ ఇ-కీ మధ్య ఉండే ఆ ఫ్రెంచ్ అచ్చు మన దగ్గర లేదు, గొంతులో పలికే ర లేదు. అది నోటితో చూపించాల్సిందే. నిఘంటువుల్లో వాడే అంతర్జాతీయ ధ్వనిలిపి నేర్పితే ఇంకా మంచిది, నాకేం అభ్యంతరం లేదు. కానీ అది నేర్పరు, ఇది రానివ్వరు. "ఫ్రెంచ్ క్లాసులో బోర్డు మీద తెలుగేంటండీ, పేరెంట్స్ చూస్తే ఏమనుకుంటారు" అని మా యాజమాన్యం నన్ను రెండుసార్లు పిలిచి చెప్పింది. ఇంగ్లీషు ఉంటే మాత్రం ఏమీ అనుకోరట.

సరే, ఇంతవరకూ మావాళ్ల మీద. ఇప్పుడు ఫ్రెంచ్‌వాళ్ల మీద.

నూటికి తొంభై అన్నాను. మిగిలిన పది దగ్గర నోటి లెక్క ఓడిపోతుంది, గ్రీకు లెక్క మొదలవుతుంది. ఎలికొప్తేర్ నోటికి కొప్-తేర్. గ్రీకు ప్రకారం అది ఎలికొ + ప్తేర్, మెలితిరిగిన రెక్క. పంక్తి చివర మాట విరగ్గొట్టాల్సి వస్తే నోటి ప్రకారం విరవాలా, పుట్టుక ప్రకారం విరవాలా అన్నది అచ్చువేసేవాళ్లలో పాత తగువు. ఎక్స్ లెటరైతే ఇంకో తమాషా. ధ్వని రెండు, లెటర్ ఒకటి. దె-జొక్-సి అని నోరు ఆ లెటర్‌ని నడిమికి కోస్తుంది. అచ్చులో కోయలేరు కాబట్టి రెండు అచ్చుల మధ్యున్న ఎక్స్ కి ముందూ వెనకా పంక్తి విరవకూడదని నియమం పెట్టుకున్నారు. ఇదంతా కంపోజిటర్ల బాధ, ముచ్చటగానే ఉంటుంది.

చదివేవాడి బాధ ముచ్చటగా ఉండదు. సి-హెచ్ తీసుకోండి. గొట్టం పేరు త్ర-షే. ఆ గొట్టానికి కన్నం పెట్టే ఆపరేషన్ పేరు త్ర-కె-ఒ-తొ-మీ. అదే మూలం, అవే లెటర్లు, తర్వాతి అచ్చు కూడా అదే. ఒకచోట ష, ఒకచోట క. ఊపిరితిత్తుల్లోని గొట్టాలు బ్రోఁష్, అక్కడ వచ్చే న్యుమోనియాకి బ్రోఁ-కొ. మనసు డాక్టరు ప్సి-క్యాత్ర్, ఆయన వైద్యం చేసే మనసు మాత్రం ప్సి-షే. పురాతత్వం అర్-కె-ఒ-లొ-జీ, దాని పక్కనే నిలబడ్డ వాస్తుశిల్పి అర్-షి-తెక్త్. ఏ సూత్రం చెప్పమంటారు పిల్లలకి? ముందుగా వచ్చి జనం నోట నలిగిన మాట ష అయింది, తర్వాత పండితులు గ్రీకు చూసి కట్టుకున్న మాట క అయింది అని చరిత్ర చెప్పొచ్చు. చరిత్ర వినడానికి బావుంటుంది. కాగితం మీద మాట కనపడ్డప్పుడు ఏది ఎప్పుడొచ్చిందో దాని నుదుటి మీద రాసి ఉండదు.

ఆ అమ్మాయిని పడగొట్టిన ఎస్ సంగతీ అంతే. రెండు అచ్చుల మధ్య ఎస్ ఉంటే జ (జిప్‌లో జ). ఉపసర్గ వెనకాల మూలపదం ఎస్ తో మొదలైతే అది స గానే ఉంటుంది: అ-సెప్-సీ. అంటే ఉపసర్గ ఎక్కడ ముగిసిందో తెలియాలి. దె-జొక్సి లో ఎస్ ఉపసర్గదే, కాబట్టి జ. బావుంది, అర్థమైంది అనుకునేలోపు క్రొమొజోమ్ వస్తుంది. క్రోమొ అంటే రంగు, సోమ అంటే శరీరం. ఎస్ స్పష్టంగా శరీరానిదే, అయినా జ అన్నారు. అదే శరీరం ప్సి-కొ-సొ-మ-తీక్ లో స. ఆ అమ్మాయి క్రొమొసోమ్ అన్నప్పుడు నిజానికి ఆవిడ గ్రీకు లెక్క సరిగ్గా వేసింది. నిఘంటువు వేసిన తప్పుకి తను సిగ్గుపడింది. ఆ ముక్క తర్వాత చెప్పాను. నవ్వింది కానీ, అప్పటికి ఏం లాభం.

ఇలాంటివి ఎత్తగానే ఫ్రెంచ్ సంప్రదాయవాదుల సమాధానం ఒకటే: "స్పెల్లింగులో మాట పుట్టుక దాగుంది, దాన్ని గౌరవించండి." పుట్టుక అంత పవిత్రమా? చూద్దాం.

1787లో లావొయిజియే, మరో ముగ్గురు కలిసి రసాయనాలకి కొత్త పేర్లు పెట్టారు. మాట విప్పితే పదార్థం గుట్టు తెలియాలన్నది వాళ్ల ఆశయం. గొప్ప ఆశయమే. ఆక్సిజన్ అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆమ్లాలన్నిటికీ అదే మూలమని లావొయిజియే నమ్మాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ పరమాణువు ఒక్కటీ లేదని తర్వాత తేలింది. పేరు మాత్రం ఉండిపోయింది. మనవాళ్లు కూడా భక్తిగా 'ఆమ్లజని' అని అనువదించి ఆ తప్పుని పాఠ్యపుస్తకాల్లో పెట్టారు. అంటే విప్పి చూసుకుంటే గుట్టు తెలిసే మాటలోనే తప్పుడు గుట్టు ఉంది. దీన్నా గౌరవించమంటారు?

1795లో విప్లవ ప్రభుత్వం కొత్త కొలతలు తెచ్చింది. వెయ్యికి గ్రీకు మాట ఎత్తుకుని 'కిలో' చేశారు. పద్ధతి ప్రకారమైతే సి-హెచ్ తో రాయాలి. రాసుంటే కూరగాయల దుకాణంలో సగం మంది 'షిలో' అనేవాళ్లు. కె పెట్టారు, గొడవ వదిలింది. ఊరూరా, సంతసంతలో వాడాల్సిన మాట కాబట్టి గ్రీకుని పక్కకి నెట్టారు. అవసరమైనప్పుడు చెయ్యగలిగారన్నమాట. మరి ఆస్పత్రిలో వాడే మాటకి ఎందుకు చెయ్యరు?

1878లో అకాడమీ నిఘంటువు లయ అనే అర్థం ఉన్న 'రీత్మ్'లోంచి ఒక హెచ్ పీకేసింది. ఏ కొంపా మునగలేదు. ఇంగ్లీషువాళ్లు ఆ హెచ్‌ని ఇంకా మోస్తున్నారు. ఇక కలువపువ్వు కథ మరీ అన్యాయం. మన నీలోత్పలమే పారశీకం మీదుగా, అరబ్బీ మీదుగా ఫ్రెంచ్‌లోకి వెళ్లి 'నెన్యుఫార్' అయింది. అకాడమీ దాన్ని చాలాకాలం ఎఫ్ తోనే రాసింది. 1935 నాటి నిఘంటువులో, గ్రీకు మాటేమో అన్న భ్రమతో, దానికి పి-హెచ్ తగిలించారు. 1990 సంస్కరణలో మళ్లీ ఎఫ్ పెట్టుకోవచ్చన్నారు. అప్పుడు రేగిన రభస అంతా ఇంతా కాదు. ఆ సంస్కరణ పాఠ్యపుస్తకాల్లోకి వస్తోందన్న వార్త 2016లో పొక్కితే, అచ్చుల నెత్తిన పెట్టే టోపీ గుర్తుకి సంఘీభావంగా హ్యాష్‌ట్యాగులు నడిచాయి. లేని గ్రీకు వంశాన్ని కాపాడ్డానికి అంత పోరాటం. కలువ మనదని మనం ఏనాడైనా పి-హెచ్ కేసు వేశామా?

పుట్టుక వాదన వెనక ఉన్నది గ్రీకు మీద ప్రేమ కాదనే నా అనుమానం. బాకలోరియాలో గ్రీకు చదివిన ఇంటి పిల్లకి ప్సిక్యాత్ర్ లో క సహజంగా వస్తుంది. చదవని ఇంటి పిల్ల క్లాసులో లేచి 'ప్సిష్యాత్ర్' అంటే పక్కవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. ఎవరు ఎవరో తేల్చుకోవడానికి ఇంతకన్నా చవకైన పరీక్ష ఏముంది? మన దగ్గర ఒత్తులు పలకలేదని నవ్వే పెద్దమనుషుల్ని చూసినవాళ్లకి ఈ నవ్వు కొత్త కాదు.

మా సీనియర్‌గారి దగ్గర ఇంకో వాదన ఉంది. "అంత పొడుగు మాటలు ఫ్రెంచ్‌వాళ్లే అనరండీ. ఆ-దె-ఎన్ అంటారు, ఒ-ఎర్-ఎల్ అంటారు, అయిపోయింది." నిజమే, అనరు. ఒఫ్తాల్మొ, జినెకొ, దెర్మతొ, మెతెఒ, షిమ్యొ. ఒళ్లు నొప్పులైతే కినె దగ్గరికి వెళ్తారు, సాయంత్రం సినె కి వెళ్తారు. ఆ రెండూ కదలిక అనే ఒకే గ్రీకు ధాతువు నుంచి వచ్చినవే, ఒకటి కె తో, ఒకటి సి తో. కానీ సార్, ఎక్కడ కత్తిరిస్తున్నారో చూశారా? సరిగ్గా అచ్చు మీద. ఎలికొ అని ఆపేస్తారు. గ్రీకు పండితుడు కోసే చోటే మెకానిక్కూ కోస్తున్నాడు, వాడికి గ్రీకు రాకుండానే. ఇంగ్లీషువాడు కాప్టర్ అని అడ్డంగా నరికాడు. అంటే పొట్టి మాటలు కూడా ఆ విభజన తెలిసిన నోటి పనే. పైగా పొట్టి మాట ఇంట్లోవాళ్లది. ఇంటర్వ్యూలో, థీసిస్ డిఫెన్స్‌లో, మందులషాపులో చీటీ చదువుతున్నప్పుడు బయటివాడు ముందు పూర్తి మాట అనగలనని చూపించాలి. ఆ తర్వాతే వాడికి పొట్టిగా అనే హక్కు వస్తుంది. ఆ-దె-ఎన్ అని తప్పించుకోమని నేనూ ఆ అమ్మాయికి చెప్పి ఉండొచ్చు. చెప్పనందుకు కాదు, ముందే విరిచి చూపించనందుకు నాకు సిగ్గుగా ఉంది. ఆ మూల కుర్చీలో కూర్చున్నది నేనే కదా.

ఇప్పుడు శనివారాలు, సిలబస్‌లో లేని ఒక గంట పెట్టుకున్నాం. పిల్లలు తమ సబ్జెక్టులోంచి పదేసి మాటలు తెస్తారు. ముందు నోటి లెక్కన గీతలు పెడతాం. తర్వాత గ్రీకు ఎక్కడ అడ్డం తిరుగుతుందో ఎర్ర పెన్నుతో సున్నా చుడతాం. పక్కన తెలుగులో రాస్తాం, బోర్డు మీద కాదు, నోట్సుల్లో. ఆ అమ్మాయి ఇంకో యూనివర్సిటీకి అప్లై చేసి మళ్లీ వస్తోంది. మొన్న వచ్చిన 43 మాటల్లో నోటి లెక్క తప్పినవి నాలుగు. ఆ నాలుగింటి దగ్గరే గంటలో సగం అయిపోయింది. వెళ్లేటప్పుడు వెనక బెంచీ కుర్రాడు ఫోన్ పట్టుకుని వచ్చాడు, "సార్, నోట్స్ టైప్ చేస్తున్నా. అరసున్న కీబోర్డులో ఎక్కడుంటుంది?"

వెతికాం. దొరకడానికి కాసేపు పట్టింది.